కాస్టిక్ సోడానా, బట్టల సోడానా, సున్నమా: ఏ మురికికి ఏ క్షారం?

"స్ట్రాంగ్‌ది ఏదుంటే అది ఇవ్వండి." మా కెమికల్ కొట్టుకి వచ్చేవాళ్లలో చాలామంది మాట ఇదే. దేనికండీ అని అడిగితే ఒకరు హోటల్ చిమ్నీకి అంటారు, ఒకరు సింకు జామ్ అయింది అంటారు, ఇంకొకరు బాత్రూమ్ టైల్స్ మీద తెల్లగార పట్టింది అంటారు. ముగ్గురికీ తలో కిలో కాస్టిక్ సోడా తూచి పంపితే నాకు బేరం అవుతుంది. కానీ ఆ ముగ్గురిలో మొదటివాడికే అది సరిగ్గా పనికొస్తుంది, అదీ చిమ్నీ ఫిల్టర్ స్టీలుదైతేనే. రెండోవాడికి ముందు కావలసింది పొడవాటి తీగ. మూడోవాడు కాస్టిక్ ఎంత పోసినా గార కదలదు, దానికి యాసిడ్ కావాలి.

అందుకే స్ట్రాంగ్ అన్న మాట వినగానే నేను రెండు ప్రశ్నలు వేస్తాను. పోవలసిన మురికి ఏంటి? అది దేనికి పట్టింది? ఈ రెండూ తెలిస్తే ఏ డబ్బా తీయాలో దాదాపు తేలిపోతుంది. ఎంత గట్టిది అనేది మూడో ప్రశ్న.

మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. నూనె, కొవ్వు, జిడ్డు, మాడిన పిండి, రక్తం, జుట్టు లాంటివి క్షారానికి లొంగుతాయి. నూనెకు క్షారం తగిలితే అది సబ్బుగా, గ్లిజరిన్‌గా విడిపోతుంది. అంటే పోగొట్టాలనుకున్న జిడ్డే సబ్బై, పక్కనున్న మురికిని కూడా పట్టుకుపోతుంది. బోరునీళ్ల గార, సిమెంటు మరక, తుప్పు యాసిడ్‌కే లొంగుతాయి. పాల డెయిరీల్లో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పైపుల్లోకి ముందు 70, 80 డిగ్రీల వేడిలో ఒకటి, ఒకటిన్నర శాతం కాస్టిక్ నీళ్లు తిప్పుతారు, పాలకొవ్వు, ప్రొటీన్ పోవడానికి. తర్వాత నీళ్లతో కడిగి, పలచని నైట్రిక్ యాసిడ్ తిప్పుతారు, పాలలోని కాల్షియం పైపులకు రాయిలా పట్టేస్తుంది కాబట్టి. రెండు మురికులకు రెండు మందులు, మధ్యలో కడుగుడు. ఈ రెండింటినీ ఒకేసారి కలిపితే ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్లవుతాయి, పైగా బాగా వేడి పుడుతుంది. యూట్యూబ్‌లో చూసి సింకులో వంటసోడా, వెనిగర్ కలిపి పోసేవాళ్లు చేసేదీ ఇదే. నురగ మాత్రం బాగా వస్తుంది.

ఇక గట్టిదనం. యాసిడ్, క్షారం గట్టిదనాన్ని కొలిచే అంకె పీహెచ్. ఆ అంకెలో ఒకటి పెరిగితే క్షారం పది రెట్లు పెరిగినట్టు. వంటసోడా నీళ్లు 8.3 దగ్గర ఉంటాయి. ఒక శాతం బట్టల సోడా నీళ్లు 11 దాటుతాయి. సున్నపు తేట 12.4. ఒక శాతం కాస్టిక్ నీళ్లు 13.4. పైకి చూస్తే బట్టల సోడాకీ కాస్టిక్‌కీ రెండంకెల తేడానే. లెక్కలో అది వంద రెట్లు. ఒకటి చేతికి తగిలితే చర్మం పొడిబారి మండుతుంది, రెండోది తగిలితే పుండు పడుతుంది.

కాస్టిక్ సోడా: ఎక్కడ దీన్ని మించింది లేదు, ఎక్కడ ముట్టుకోకూడదు

సోడియం హైడ్రాక్సైడ్ మూడు రూపాల్లో దొరుకుతుంది. రేకుల్లాంటి ఫ్లేక్స్, పూసల్లాంటి ప్రిల్స్, నీళ్లలో కలిపి అమ్మే లై. చిన్న పనులకు ఫ్లేక్స్ మేలు. రోజూ డ్రమ్ముల లెక్కన వాడే యూనిట్‌కి లై మేలు, ఎందుకంటే కరిగించే టెన్షన్ ఉండదు. ధర పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. 50 శాతం లై లీటరు కిలోన్నర బరువు తూగుతుంది. అందులో అసలు కాస్టిక్ సుమారు 760 గ్రాములు, మిగతాది నీళ్లు. లీటరు ధరను ఫ్లేక్స్ కిలో ధరతో నేరుగా పోల్చి "లై చవక" అనుకుంటే మోసపోతారు. ఇంకో చిన్న సంగతి. 50 శాతం లై 12 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. బెజవాడలో ఆ భయం లేదు కానీ లంబసింగి వైపు చలికాలంలో డ్రమ్ము బయట పెడితే పొద్దునకు పంపు పనిచేయదు.

కాస్టిక్ అసలు బలం హోటల్ వంటగదిలో చూడాలి. ఎగ్జాస్ట్ ఫిల్టర్ మీద నెలల తరబడి పట్టిన జిడ్డు మామూలు జిడ్డు కాదు. వేడికి నూనె మగ్గి మగ్గి జిగురై, జిగురు కాస్తా లక్కలా గట్టిపడి ఉంటుంది. డిష్‌వాష్ లిక్విడ్ దాని మీద జారిపోతుంది, బట్టల సోడాకి గంటలు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఫిల్టర్‌ని రెండు మూడు శాతం కాస్టిక్ కలిపిన వేడినీళ్లలో, ఒక 60 డిగ్రీల దగ్గర, పదిహేను ఇరవై నిమిషాలు ముంచితే ఆ లక్క ఉబ్బి, మెత్తబడి, గోధుమరంగు చారుగా కారిపోతుంది. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడిగితే చాలు. ఇంతకంటే ఎక్కువ శాతం వేస్తే పని తొందరగా అవుతుందనుకుంటారు. నిజానికి శాతం పెంచడం కంటే నీళ్ల వేడి సరిగ్గా ఉంచడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, దేనికి పట్టింది? ఇక్కడే నేను ఒకసారి నిండా మునిగాను. కొట్టు పెట్టిన కొత్తలో ఒక వంటమేస్త్రి వచ్చి, పెళ్లి వంటల డేక్సాలకు అడుగున మసి, జిడ్డు పేరుకుపోయాయి, ఏం వాడాలి అని అడిగాడు. కాస్టిక్ నీళ్లలో రాత్రంతా నానబెట్టమని చెప్పాను. స్టీలు డేక్సాలా, సిల్వర్ డేక్సాలా అని అడగాలన్న ఆలోచనే రాలేదు. మనం సిల్వర్ గిన్నె, సత్తుగిన్నె అనేది అల్యూమినియం కదా. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది. పొద్దున్నే అతను ఒక డేక్సా ఎత్తి ఎండకి పెట్టి చూపించాడు. అడుగున సూది మొనంత బెజ్జాలు, లోపలి నుంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. మూడు డేక్సాల డబ్బులు కట్టాను. మూసిన గదిలో, పక్కన పొయ్యి వెలుగుతూ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, హైడ్రోజన్ నిప్పు తగిలితే పేలుతుంది కాబట్టి.

అప్పటినుంచి ఒక చుక్క పరీక్ష నేర్పుతున్నాను. వస్తువు కనిపించని మూల మీద పలచని కాస్టిక్ నీళ్లు ఒక చుక్క వేసి రెండు నిమిషాలు చూడండి. సన్నని బుడగలు లేస్తే అది అల్యూమినియమో, జింకు పూత పూసిన రేకో. వెంటనే కడిగేసి కాస్టిక్ పక్కన పెట్టేయండి. అయస్కాంతంతో పరీక్ష చేస్తాం అంటారు కొందరు. మంచి స్టీలుకీ అయస్కాంతం అంటుకోదు, అల్యూమినియానికీ అంటుకోదు, కాబట్టి అది ఇక్కడ పనికిరాదు.

కళాయి వేసిన ఇత్తడి గిన్నెల్ని కూడా కాస్టిక్‌లో వేయొద్దు. కళాయి అంటే తగరం, అదీ కరుగుతుంది. దోసె పెనం సంగతి వేరు. ఇనుముకు కాస్టిక్ వల్ల ఏమీ కాదు, కానీ ఏళ్ల తరబడి నూనె పట్టి నల్లగా మెరిసే ఆ పొర మొత్తం ఊడిపోతుంది. పెనం కొత్తదానిలా తెల్లబడిందని మురిసిపోయినవాళ్లు మర్నాడు దోసె అంటుకుపోతోందని ఫోన్ చేస్తారు. పెయింటు వేసిన తలుపులు, వార్నిష్ చెక్క, పట్టు, ఉన్ని, తోలు దీని దగ్గరికి తేకూడదు. వేడి కాస్టిక్ నీళ్లలో పట్టుదారం నిమిషాల్లో కరిగిపోతుంది, నూలుకి మాత్రం ఏమీ కాదు.

డ్రైనేజీ పౌడర్ సంగతి

దుకాణాల్లో దొరికే డ్రైన్ పౌడర్లలో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడానే. కొన్నింట్లో అల్యూమినియం ముక్కలు కూడా కలుపుతారు, వేడి, గ్యాస్ పుట్టి మురికిని కదిలించడానికి. జుట్టు, కొవ్వు అడ్డుపడితే ఇది బాగా పనిచేస్తుంది. ఇసుక, గుడ్డపీలిక, ప్లాస్టిక్ మూత లాంటివి అడ్డుపడితే ఏమీ చేయలేదు.

నీళ్లు కొంచెం కొంచెంగానైనా దిగుతున్న సింకుకే దీన్ని వాడండి. పూర్తిగా మూసుకుపోయిన పైపులో పోస్తే అది అక్కడే నిలబడి, కొవ్వుతో కలిసి సబ్బుగడ్డై, ఉన్న అడ్డుకు ఇంకో అడ్డు తోడవుతుంది. ఆ వేడికి పీవీసీ పైపు మెత్తబడవచ్చు కూడా. తర్వాత వచ్చే ప్లంబర్‌కి లోపల ఏముందో తెలియదు, పైపు విప్పగానే ఆ నీళ్లు అతని మొహం మీద పడతాయి. పోసి ఉంటే ముందే చెప్పండి, దాచకండి. అన్నిటికంటే ముఖ్యం, టాయిలెట్ క్లీనర్ పోసిన చోట దీన్ని, ఇది పోసిన చోట టాయిలెట్ క్లీనర్‌ని పోయొద్దు. అందులో ఉండేది యాసిడ్. రెండూ కలిస్తే నీళ్లు మరిగి పైకి చిమ్ముతాయి. టాయిలెట్ యాసిడ్‌ని బ్లీచింగ్‌తో కలిపితే ఇంకా ఘోరం, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

బట్టల సోడా: ఇళ్లల్లో పదింట తొమ్మిది పనులకు ఇది చాలు

సోడియం కార్బొనేట్‌ని తక్కువగా చూస్తారు, చవక కాబట్టి. కానీ ఇంట్లో జిడ్డు గట్టు, గ్యాస్ స్టవ్ చుట్టూ టైల్స్, నూనె మరకల తువ్వాళ్లు, టిఫిన్ బండి పళ్లేలు, వీటికి కాస్టిక్ అక్కర్లేదు. లీటరు వేడినీళ్లకు రెండు చెంచాలు బట్టల సోడా, కాసేపు నాననివ్వడం, ఒక బ్రష్షు. కడప బండలు, తాండూరు బండలు పరిచిన వంటగదికి ఇది మరీ మంచిది. ఆ బండలు సున్నపురాయి జాతివి, యాసిడ్ పడితే పొంగి మచ్చపడతాయి. సోడాకి ఏమీ కావు. అల్యూమినియానికి మాత్రం ఇదీ పడదు, బెజ్జం పెట్టకపోయినా నల్లబరుస్తుంది.

దీనికి ఉన్న ఇంకో గుణం కాస్టిక్‌కి అంతగా లేదు. బోరునీళ్లలో సబ్బు నురగ రాకపోవడానికి కారణమైన కాల్షియాన్ని ఇది పట్టి కిందికి దింపేస్తుంది, నీళ్లు మెత్తబడతాయి. మన ఊళ్లలో రజకులకు ఈ రహస్యం కెమిస్ట్రీ పుస్తకాలు రాకముందే తెలుసు. చౌడు నేలల మీద ఎండాకాలం తెల్లగా పేలిన మట్టిని పోగుచేసి, బట్టలకు పట్టించి, బానలో ఉడకేసి, చాకిరేవులో ఉతికేవారు. ఆ తెల్లపొడిలో ఉండేది ఎక్కువగా సోడియం కార్బొనేటే. పంటకు పనికిరాని చౌడు బట్టకు పనికొచ్చింది.

కొనేటప్పుడు ఒక్క తేడా గుర్తుపెట్టుకోవాలి. సోడా యాష్ అని పొడిగా అమ్మేది, బట్టల సోడా అని పలుకులుగా అమ్మేది ఒకే పదార్థం, కానీ పలుకుల్లో బరువులో 63 శాతం నీళ్లే. కిలో సోడా యాష్ చేసే పనికి పలుకులు 2.7 కిలోలు కావాలి. ఆ లెక్కన చూస్తే చాలాసార్లు సోడా యాష్ బస్తానే చవక పడుతుంది. మన దేశంలో సోడా యాష్ ఎక్కువగా గుజరాత్ నుంచి వస్తుంది, ఉప్పు, సున్నపురాయి రెండూ అక్కడే దొరుకుతాయి కాబట్టి. గాజు ఫ్యాక్టరీలు, డిటర్జెంట్ కంపెనీలు తీసుకోగా మిగిలిందే మన కొట్లకు.

అల్యూమినియం ఉంటే మెటాసిలికేట్

బేకరీ ట్రేలు, అల్యూమినియం ఫిల్టర్లు, గ్యారేజీల్లో ఇంజిన్ కేసింగులు. వీటి మీద జిడ్డు గట్టిగానే ఉంటుంది, కాస్టిక్ వేయలేం. సోడియం మెటాసిలికేట్ పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి జిడ్డును బాగానే లాగుతుంది. అందులోని సిలికేట్ లోహం మీద సన్నని పొరలా పరుచుకుని తినివేతను ఆపుతుంది. మంచి డీగ్రీజర్లు చాలావాటిలో అసలు సరుకు ఇదే. చుక్క పరీక్ష దీనికీ చేయండి, పూర్తి భరోసా మాత్రం పెట్టుకోవద్దు. ట్రైసోడియం ఫాస్ఫేట్ అని ఇంకోటి ఉంది, పాత గోడలకు పెయింటు వేసేముందు కడగడానికి బాగుంటుంది. కాకపోతే కాలువలోకి, చెరువులోకి వెళ్తే నాచు విపరీతంగా పెరుగుతుంది. నేను తెప్పించడం మానేశాను.

సబ్బు చేసేవాళ్లకు: సోడియమా, పొటాషియమా

ఈమధ్య డ్వాక్రా గ్రూపులవాళ్లు, ఇంట్లో సబ్బులు చేసి ఇన్‌స్టాలో అమ్మే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. సమాధానం చాలా తేలిక. గట్టి సబ్బు బిళ్ల కావాలంటే కాస్టిక్ సోడా, లిక్విడ్ సబ్బు కావాలంటే కాస్టిక్ పొటాష్. పొటాషియం సబ్బు నీళ్లలో సులువుగా కరుగుతుంది, గడ్డకట్టదు. పొటాష్ ధర సోడా కంటే సాధారణంగా రెట్టింపు పైనే ఉంటుంది. లిక్విడ్ చేయని వాళ్లకు ఆ ఖర్చు దండగ. మన అమ్మమ్మలు గిన్నెలు తోమిన కట్టెల బూడిదలో ఉండేదీ పొటాషియం కార్బొనేటే.

కష్టమంతా తూకంలో ఉంది. కిలో కొబ్బరినూనెకు కాస్టిక్ సోడా సుమారు 183 గ్రాములు కావాలి. అదే కిలో వేరుశనగ నూనెకు 136 గ్రాములు చాలు. కొబ్బరినూనె లెక్క పట్టుకుని వేరుశనగ నూనెతో చేస్తే కిలోకి 47 గ్రాముల కాస్టిక్ మిగిలిపోయి సబ్బులోనే ఉంటుంది. ఆ సబ్బు రుద్దుకుంటే ఒళ్లు మండదా మరి. నూనె మార్చిన ప్రతిసారీ లెక్క మార్చాలి. భద్రత కోసం అసలు లెక్క కంటే ఐదు శాతం తక్కువ వేయడం అలవాటు చేసుకోండి, అంటే కొబ్బరికి 174 గ్రాములు. పొటాష్ అయితే కొబ్బరికి 257 గ్రాములు కావాలి. కానీ మార్కెట్లో దొరికే పొటాష్ ఫ్లేక్స్ 90 శాతం దగ్గరే ఉంటాయి, మిగతా భాగం చాలావరకు తేమ. కాబట్టి తూచాల్సింది 285 గ్రాములు. బస్తా మీద శాతం చూడకుండా లెక్క వేయొద్దు.

చెంచాలతో, గ్లాసులతో కొలిచేవాళ్లకు నేను కాస్టిక్ అమ్మను. ముందు గ్రాముల కాటా కొనుక్కుని రమ్మంటాను. కోపం వస్తుంది వాళ్లకు, రానివ్వండి.

అద్దకంవాళ్ల లెక్క వేరు

చీరాల, మంగళగిరి, పోచంపల్లి వైపు నూలుకు రంగు వేసేవాళ్లకు ఈ పోలిక నేను చెప్పక్కర్లేదు, వాళ్లే నాకు చెప్పారు. నీళ్లలో నేరుగా కరగని వ్యాట్ రంగులైతే కాస్టిక్, హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి) రెండూ కావాలి, లేకపోతే రంగు నీళ్లలో కరగదు. దారంతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగులైతే సోడా యాష్ చాలు, దారానికి రంగును పట్టించేది అదే. పట్టుకైతే జిగురు తీయడానికి సబ్బు, కొద్దిగా సోడా, అంతే. ముడిపట్టు బరువులో పాతిక శాతం దాకా ఉండే ఆ జిగురు పోతేనే మెరుపు వస్తుంది, కానీ తొందరపడి కాస్టిక్ వేస్తే జిగురుతోపాటు పట్టూ పోతుంది. నూలుకు మెరుపు రావాలంటే దారి వేరే. ఇరవై శాతం చుట్టూ ఉండే గట్టి కాస్టిక్‌లో దారాన్ని బిగుతుగా లాగిపట్టి ముంచుతారు. 1850లో ఇంగ్లండులో జాన్ మెర్సర్ పేటెంట్ తీసుకున్న పని ఇది, ఆయన పేరు మీదే మెర్సరైజ్డ్ కాటన్ అంటున్నాం. ఆయన బిగుతుగా లాగలేదు కాబట్టి దారం కుంచించుకుపోయింది. లాగిపడితే మెరుస్తుందని కనిపెట్టింది తర్వాత నలభై ఏళ్లకు ఇంకొకాయన.

సున్నం: పాతది, చవకది, మొండిది

పిడుగురాళ్ల బట్టీల నుంచి లారీల్లో వచ్చే సున్నం క్షారాల్లో అన్నిటికంటే చవక. కాల్చిన రాయికి నీళ్లు తగిలితే బుసబుసమంటూ పొడై చల్లసున్నం అవుతుంది. దీనికి ఒక విచిత్రం ఉంది. నీళ్లలో కరిగేది చాలా తక్కువ, లీటరుకు గ్రామున్నర, రెండు గ్రాములు. వేడిచేస్తే ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే జిడ్డు కడగడానికి ఇది పనికిరాదు, పైగా తెల్లపొర వదిలి వెళ్తుంది. కానీ పెద్ద ఎత్తున యాసిడ్‌ని చంపాలన్నా, చక్కెర మిల్లులో చెరకురసం తేటపరచాలన్నా, తోలు శాలలో వెంట్రుక ఊడదీయాలన్నా దీనిదే రాజ్యం.

చిన్న ఫ్యాక్టరీ నడిపేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. వ్యర్థజలం వాగులోకో నదిలోకో వదలాలంటే పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధన. మీ నీళ్లలో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్ అనుకుందాం. అందులో ప్రతి కిలో యాసిడ్‌ని చంపడానికి కాస్టిక్ 820 గ్రాములు, సోడా యాష్ 1,080 గ్రాములు, చల్లసున్నం 755 గ్రాములు కావాలి. సున్నం తక్కువ పడుతుంది, ధరా తక్కువ. కానీ సున్నంతో యాసిడ్ కలిస్తే జిప్సం బురద కింద పేరుకుంటుంది. ఆ బురద తీయడం, ఆరబెట్టడం, పంపడం ఖర్చే. కాస్టిక్‌తో బురద ఉండదు, కానీ కాస్త ఎక్కువైతే పీహెచ్ ఒక్కసారిగా 12కి ఎగబాకుతుంది. సోడా యాష్‌తో అంత దూకుడు ఉండదు, కానీ గ్యాస్ వచ్చి ట్యాంకు నురగతో పొంగుతుంది. నా సలహా అడిగితే, రోజుకు కొద్ది నీళ్లు, చూసుకునే మనిషి లేని చోట సోడా యాష్. ఆటోమేటిక్ డోసింగ్ పంపు ఉన్నచోట కాస్టిక్ లై. నీళ్లు విపరీతంగా ఉండి, బురదకు స్థలం ఉన్నచోట సున్నం.

పెద్ద పరిశ్రమల్లో ఇవన్నీ ఒకదానికొకటి చుట్టాలే. రాజమండ్రిలో, సారపాకలో కాగితం మిల్లుల్లో కర్రముక్కల్ని ఉడికించి గుజ్జు చేసేది ప్రధానంగా కాస్టిక్ ద్రావణమే. వాడిన కాస్టిక్ చివరికి సోడియం కార్బొనేట్‌గా తేలుతుంది. దానికి సున్నం కలిపితే మళ్లీ కాస్టిక్ తయారవుతుంది, సున్నం రాయిగా మారి కిందికి దిగుతుంది, దాన్ని మళ్లీ బట్టీలో కాలుస్తారు. ఒడిశా దమన్‌జోడిలో అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేదీ కాస్టిక్‌తోనే. నా డేక్సాలకు బెజ్జాలు పెట్టిన గుణమే అక్కడ ఫ్యాక్టరీని నడుపుతోంది. మన దగ్గర కర్నూలు, కొవ్వూరు, బలభద్రపురం ఫ్యాక్టరీల్లో ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి కాస్టిక్ తీస్తారు. టన్ను కాస్టిక్‌తోపాటు దాదాపు 880 కిలోల క్లోరిన్ కూడా వస్తుంది, వద్దన్నా వస్తుంది. క్లోరిన్ కొనేవాళ్లు తగ్గితే కాస్టిక్ ఉత్పత్తీ తగ్గించాలి, ధర పెరుగుతుంది. మా కొట్లో రేటు ఎందుకు పెంచావని నన్ను తిట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఏది కొన్నా చేతులు, కళ్లు కాపాడుకోవాలి

ఇది అందరూ దాటేసే భాగం, నేను దాటేయను. కాస్టిక్‌ని నీళ్లలో వేయాలి, నీళ్లని కాస్టిక్ మీద పోయకూడదు. పది లీటర్ల చన్నీళ్లలో కిలో ఫ్లేక్స్ కొద్దికొద్దిగా వేస్తే నీళ్ల వేడి ఉన్నదానికంటే పాతిక డిగ్రీలకు పైగా పెరుగుతుంది, అంతే. కిలో ఫ్లేక్స్ మీద లీటరు నీళ్లు పోస్తే అక్కడికక్కడే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. వేడినీళ్లలో ఎప్పుడూ కరిగించొద్దు. వేడి పని ఉంటే ముందు చన్నీళ్లలో కరిగించి, తర్వాత వేడినీళ్లకు కలపండి. సిల్వర్ బకెట్ వద్దు, మందపాటి ప్లాస్టిక్ బకెట్ వాడండి.

రబ్బరు గ్లవ్స్, చుట్టూ మూసుకునే కళ్లద్దాలు తప్పనిసరి, చదువుకునే కళ్లజోడు చాలదు. ప్యాంటు అంచులు గమ్‌బూట్ల లోపల కాదు, బయట ఉండాలి, లేకపోతే కారిన చుక్క బూటులోకి పోతుంది. చేతికి జారుడు జారుడుగా తగిలితే అది నీళ్లు కాదు, మీ చర్మంలోని కొవ్వు సబ్బవుతోంది. మండేదాకా ఆగకుండా కుళాయి కింద పెట్టండి.

కంట్లో పడితే యాసిడ్ కంటే క్షారమే ప్రమాదం. యాసిడ్ పైపొరను గడ్డకట్టించి చాలావరకు అక్కడే ఆగుతుంది, క్షారం కణాల్ని కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. రెప్పలు తెరిచిపట్టి కనీసం అరగంట ధారగా నీళ్లు పోయండి, పోస్తూనే ఆసుపత్రికి బయల్దేరే ఏర్పాటు చేయండి. వెనిగర్, నిమ్మరసం లాంటివి పోయొద్దు. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, దిగేటప్పుడు ఒకసారి కాల్చింది ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి 108కి ఫోన్ చేయండి. ఇది ఫ్యాక్టరీల గొడవే అనుకోకండి. కిళ్లీ సున్నం ప్యాకెట్లు పిల్లల చేతుల్లో పగిలి కళ్లు పోయిన కేసులు మన దేశంలో డాక్టర్లు ఎన్నో చూశారు.

నిల్వ

మినరల్ వాటర్ సీసాలో కాస్టిక్ నీళ్లు పోసి ఉంచేవాళ్లను చూస్తే నాకు భయం. ఎవరైనా నీళ్లనుకుని తాగేస్తారు, అదొకటి. ఆ సీసా ప్లాస్టిక్‌నే గట్టి కాస్టిక్ మెల్లగా తినేస్తుంది, అది ఇంకొకటి. గాజు సీసా గాజు బిరడా కూడా వద్దు, కొన్నాళ్లకు అతుక్కుపోయి రాదు. మందపాటి తెల్ల క్యాను, మర మూత, పైన తెలుగులో పెద్దక్షరాలతో పేరు, అంతే.

బస్తా విప్పాక మూతి గట్టిగా కట్టండి. ఫ్లేక్స్ గాలిలోని తేమని పీల్చి ముద్దవుతాయి, కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి మెల్లగా బట్టల సోడాగా మారతాయి. నిరుటి బస్తా ఇంకా పనికొస్తుందా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ప్లాస్టిక్ కప్పులో సగం నీళ్లు పోసి చిటికెడు కరిగించండి, చల్లారాక వెనిగర్ కొద్దికొద్దిగా పోస్తూ పోండి. ఊరికే కలిసిపోతే సరుకు బాగున్నట్టు. బుసబుస పొంగితే అందులో చాలా భాగం సోడా అయిపోయినట్టు, సబ్బు లెక్కకు ఇక పనికిరాదు. పారేయక్కర్లేదు, పెరట్లో సిమెంటు గచ్చు మీద నూనె మరకలకు వాడుకోవచ్చు. గ్లవ్స్ మాత్రం తీయొద్దు, మిగిలిన కాస్టిక్ ఇంకా కాస్టిక్కే.